గోదావరి తీరాన భారత చరిత్ర

చరిత్ర అనగానే మన దృష్టి ఢిల్లీ, ఆగ్రాల వైపు మరలుతుంది. కాని మన ఉప్పలగుప్తం ఉన్న ఈ కోనసీమ కూడ ఆ చరిత్రకు రంగస్థలమే.

వైనతేయ తీరాన ఆదుర్రులోని స్తూప శిథిలాలు ఒకప్పుడిక్కడ బౌద్ధం వర్ధిల్లినదని చాటుతున్నాయి. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరాన నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నాడు. 16వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానులు, పిదప మొగలులు, నిజాములు ఈ సీమను ఏలారు. తాలూకా, జమాబందీ, దస్తావేజు వంటి మాటలు ఆ పాలనాభాష నుండి మన పల్లెలకు వచ్చినవే.

ఐరోపా వర్తకులను ఇక్కడికి రప్పించినది మన నేతగాండ్ర వస్త్రం. ఆంగ్లేయులు అమలాపురం సమీపాన బెండమూర్లంకలోను, ఫ్రెంచివారు గౌతమి ఆవలి యానాంలోను వర్తక స్థావరాలు నెలకొల్పారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ బెండమూర్లంకను పట్టుకున్నాడు. మరుసటి ఏడు చందుర్తి యుద్ధంలో ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించారు. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒడంబడిక, ఈ రెంటితో ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. వర్తకుడే పాలకుడైనాడు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట రైతుకు పంటను, దొరతనానికి శిస్తును పెంచింది.

1947 ఆగస్టు 15న ఈ ఒడ్డున మువ్వన్నెల జెండా ఎగిరింది. ఐరోపా సంధులు యానాంను ఫ్రెంచివారికే మిగిల్చినందున ఆవలి ఒడ్డు 1954 వరకు వేచి ఉండవలసి వచ్చింది. భాష ఒకటే, నది ఒకటే. స్వాతంత్ర్య దినాలు మాత్రం రెండు.

విద్యార్థి సోదరులారా! మన ఊరి శిథిలం, కాలువ, పాత దస్తావేజు కూడ చరిత్ర గ్రంథాలే. వాటిని చదవడం మన విధి.