పైలట్ లేని విమానములు

ఆకాశమున ఎగురు విమానమునకు దానిని నడుపు పైలట్ ఒకడు ఉండి తీరవలెనని మనము సాధారణముగా తలంతుము. కాని పైలట్ లేకయే ఎగురు విమానములు నేడు అనేక దేశముల సైన్యములందు కలవు. వీనిని డ్రోనులు అందురు. ఆంగ్లమున డ్రోను అనగా మగ తేనెటీగ. 1935లో బ్రిటిషువారు ఫిరంగి దళముల గురి అభ్యాసమునకై రేడియో సంకేతములచే నడచు విమానము నొకదానిని నిర్మించి, దానికి క్వీన్ బీ, అనగా రాణి ఈగ, అని పేరిడిరి. అమెరికావారు తమ విమానములను డ్రోనులని పిలుచుట ఈ పేరును అనుసరించియే యని చెప్పుదురు.

ఇట్టి విమానమును ఆకాశమున నడుపుట కష్టమే. దానిని మొదట ఆకాశమునకు చేర్చుటయు అంత సులభము కాదు. రెక్కల మీదుగా గాలి వేగముగా సాగినప్పుడే విమానమును పైకెత్తు బలము పుట్టును. పెద్ద విమానము రన్‌వేపై చాల దూరము పరుగెత్తి ఆ వేగమును సంపాదించును. చిన్న డ్రోనునకు చక్రములు మున్నగునవి అమర్చినచో బరువు పెరుగును. యుద్ధరంగమున రన్‌వే దొరకుటయు అరుదు. కావున శాస్త్రజ్ఞులు రెండు మార్గములు కనుగొనిరి. మొదటిది నేల నుండి ప్రయోగించుట. రెండవది వేరొక విమానము నుండి విడుచుట.

నేల నుండి ప్రయోగించు యత్నము మొదటి ప్రపంచ యుద్ధ కాలముననే జరిగినది. 1918లో అమెరికాలోని డేటన్ నగరమున చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు, పేలుడు పదార్థమును మోయు చిన్న విమానమును తయారుచేసెను. అది పట్టాలపై పరుగిడు బండి నుండి పైకి లేచెడిది. పోవలసిన దూరమును ముందే లెక్కగట్టి యంత్రమున అమర్చెడివారు. లెక్క పూర్తికాగానే ఇంజను ఆగి, రెక్కలు ఊడి, విమానము కూలెడిది. దానిని యుద్ధమున వాడకమునుపే యుద్ధము ముగిసినది.

పిమ్మట పట్టాలకు బదులు రాకెట్ వచ్చినది. వడిసెల నుండి రాయి ఎట్లు దూసికొనిపోవునో, అట్లే డ్రోను కొన్ని క్షణములు మండు రాకెట్ తోపుడుచే పైకి దూసికొనిపోవును. రాకెట్ మండి ఊడిపడిన తరువాత డ్రోను తన ఇంజనుతో ఎగురును. సముద్రమును లంఘింపబోవు హనుమంతుడు మహేంద్రగిరిని పాదములతో అదిమిన కథ మీరు వినియున్నారు కదా! రాకెట్ వాయువులను వెనుకకు నెట్టి తాను ముందునకు పోవును. మీరు తరగతిలో చదువుకొను న్యూటన్ మూడవ సూత్రమే ఇది.

రెండవ మార్గమున పెద్ద విమానము డ్రోనును తన రెక్క క్రింద మోసికొని పోయి, తగిన ఎత్తున విడుచును. డ్రోనునకు కావలసిన ఎత్తును, వేగమును మోయు విమానమే ఇచ్చును. పైకెక్కుటకు ఖర్చు కావలసిన ఇంధనము దూరప్రయాణమునకు మిగులును. కాని అంత పెద్ద విమానమును, దానిలోని సిబ్బందిని శత్రువు బారి నుండి కాపాడుకొనవలెను. నేల నుండి ప్రయోగించు దానికి ఈ చిక్కు లేదు.

1951లో తొలిసారి ఎగిరిన అమెరికా వారి ఫైర్‌బీ ఈ రెండు విధములను ఉపయోగించుకొన్నది. మొదట అది గురి అభ్యాసమునకే ఉద్దేశింపబడినది. 1960 మే 1వ తేదీన అమెరికా వేగు విమానమును సోవియట్ వారు కూల్చి, పైలట్‌ను బంధించిరి. అటుపిమ్మట పైలట్ లేని వేగు విమానముపై అమెరికావారి శ్రద్ధ పెరిగినది. ఫైర్‌బీకి కెమెరాలు అమర్చిరి. 1964 నుండి 1975 వరకు ఆగ్నేయాసియాలో ఇట్టివి 3,400కు పైగా యాత్రలు చేసినవి. హెర్క్యులిస్ జాతి విమానములు వానిని మోసికొనిపోయి విడిచెడివి. తిరిగి వచ్చిన డ్రోను పారాచూట్‌తో దిగుచుండగా, హెలికాప్టర్ ఆ పారాచూట్‌ను కొక్కెములతో ఆకాశముననే పట్టుకొనెడిది. 500కు పైగా డ్రోనులు తిరిగి రాలేదు. వానిలో పైలట్లు ఉండియున్నచో ఎన్ని ఇండ్లలో దీపములారెడివో ఊహింపుడు.

మన దేశమునను ఈ పరిశోధన జరుగుచున్నది. మన బెంగుళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ నిర్మించిన ‘లక్ష్య’ 1985లో తొలిసారి ఎగిరినది. దానిని రాకెట్ సాయమున నేల నుండియు, ఓడ నుండియు ప్రయోగింపవచ్చును. ఒడిశా తీరమున చాందీపూరులో దీని పరీక్షలు జరిగినవి. పని ముగిసిన పిమ్మట అది పారాచూట్‌తో సముద్రమున దిగును. దానిని వెలికితీసి మరల వాడుదురు. విమానము నుండి విడువదగిన డ్రోను నమూనాను కలసి రూపొందించుటకై 2021 జూలైలో భారత, అమెరికా రక్షణ శాఖలు ఒప్పందము చేసికొనినవి. అందును ఈ బెంగుళూరు సంస్థకు భాగము కలదు.

విద్యార్థులారా! డ్రోనులో పైలట్ లేడు కాని, దానిని పంపువాడు ఒకడు ఎక్కడనో ఉన్నాడు. నేడు డ్రోనులు ఆయుధములను కూడ మోయుచున్నవి. పొలమున పనిచేయు రైతెవరో, పొంచియున్న సైనికుడెవరో నిర్ణయింపవలసిన బాధ్యత యంత్రముది కాదు, పంపినవానిది. తన ప్రాణమునకు అపాయము లేనివాడు ఎదుటివాని ప్రాణమును గూర్చి మరింత జాగ్రత్త వహింపవలెను. మీలో రేపు ఇంజనీరులు కాబోవువారు రెక్కల బలముతో పాటు ఈ బాధ్యతను కూడ నేర్చుకొందురు గాక!