మీకు తెలుసా? ఊడల మీద నిలిచిన మర్రి, లాటిన్‌లోకెక్కిన సోమిద

కోల్‌కతాలో భవానీపూర్ బడిపిల్లల్ని ‘చెట్లు చూద్దాం పదండి’ అని బస్సెక్కిస్తే, విద్యాసాగర్ సేతు దాటి శిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్‌కి చేరొచ్చు. 1787లో మొదలైన తోట. అందరూ పరుగెత్తేది మహా మర్రి దగ్గరికే. తీరా వెళ్లాక ‘అసలు మాను ఏదండీ?’ అంటే, లేదు! 1864, 1867 తుపానుల్లో దెబ్బతిని, బూజు పట్టి పుచ్చిపోయిన మొదలును 1925లో తీసేశారు. ఇప్పుడు చెట్టును మోస్తున్నవి ఊడలే, మూడు వేలకు పైగా. దూరం నుంచి చూస్తే చిన్నపాటి అడవే అనుకుంటారు.

మనవాళ్లకు ఇంకో ముచ్చట. 1793లో ఈ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో ఉన్నాడు. సర్కారు జిల్లాల మొక్కలకు బొమ్మలు గీయించి, ఇక్కడివాళ్లు పిలిచే తెలుగు పేర్లూ రాసుకున్నాడు. అందులో సోమిద ఒకటి. ఆ చెట్టు బెరడును జ్వరానికి మందుగా వాడేవాళ్లు. తర్వాత ఆ తెలుగు మాటే శాస్త్రీయ నామంలోకెక్కింది: సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. రెండో మాట లాటిన్, జ్వరాన్ని తరిమేదని అర్థం. పేరు పక్కన రాక్స్‌బర్గ్ ఉంటాడు. చెట్టు చూపించినవాళ్లు ఉండరు.