ఆడా మగా – తేల్చేది ఎవరు?

“మళ్లీ ఆడపిల్లేనా?” అని బాలింతను దెప్పిపొడవటం మీరూ వినే ఉంటారు. ఆ నింద ఎంత అన్యాయమైనదో తెలియాలంటే ముందు పిండిపురుగు సంగతి వినాలి.

1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగుల కణాలను సూక్ష్మదర్శినితో పరీక్షించింది. ఆడపురుగు కణంలో 20 పెద్ద క్రోమోజోములున్నాయి. మగపురుగులోనూ 20 ఉన్నాయి కాని, వాటిలో ఒకటి మరీ చిన్నది! ఆ చిన్నది ఉన్న శుక్రకణం అండంతో కలిస్తే మగపురుగు పుడుతుందని ఆమె గ్రహించింది.

మనుషుల్లోనూ ఇంచుమించు ఇంతే. మన కణాల్లో మామూలుగా 23 జతల క్రోమోజోములుంటాయి. 23వ జత స్త్రీలలో ఎక్స్-ఎక్స్, పురుషులలో ఎక్స్-వై. అండంలోకి జతలో ఒకటే వెళుతుంది. తల్లి దగ్గర ఎక్స్ తప్ప మరొకటి లేదు గదా, ఆమె ఇచ్చేదీ అదే. తండ్రి శుక్రకణాల్లో మాత్రం సుమారు సగం ఎక్స్‌తో, సగం వైతో ఉంటాయి. వై ఉన్నది అండంతో కలిస్తే మగబిడ్డ, ఎక్స్ ఉన్నది కలిస్తే ఆడబిడ్డ. అది తండ్రి చేతిలోనూ లేదు. బొమ్మా బొరుసూ లాంటిదన్నమాట.

వైలో కూడా అసలు పని చేసేది ఎస్.ఆర్.వై. అనే ఒక్క జన్యువు. దాన్ని 1990లో కనుగొన్నారు. గర్భంలో దాదాపు ఆరు వారాలదాకా పిండంలో ఆడ, మగ తేడా కనిపించదు. అప్పుడు ఈ జన్యువు మేలుకొని వృషణాలు ఏర్పడేలా చేస్తుంది. ఎక్కడో అరుదుగా అది పనిచేయకపోతే, ఎక్స్-వై ఉన్నా శిశువు ఆడపిల్లగానే పుడుతుంది.