నేలను చూసి యంత్రం కొను

“తాతా, మెటల్ డిటెక్టర్ కొనాలె. ఏది మంచిది?” అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు అడిగితే నాకు సంతోషమే. కాళ్ల కింద ఏముందో తెలుసుకోవాలని అనిపించడం మంచి గుణం. అయితే బిడ్డా, కంపెనీ పేరు అడిగే ముందు రెండు సంగతులు తేల్చుకో. నీ నేల ఎట్లాంటిది? నువ్వు వెతకబోయేది ఏంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే యంత్రం ఎంచుకోవడం తేలిక.

ముందు యంత్రం ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. దాని అడుగున ఉండే గుండ్రటి భాగంలో రాగితీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో కరెంటు సెకనుకు వేల సార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. దాంతో చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా మారుతూ ఉంటుంది. ఆ మార్పు భూమిలోని లోహానికి తగిలితే లోహంలో చిన్న చిన్న విద్యుత్ సుడులు లేస్తాయి. ఆ సుడులకు సొంత అయస్కాంత క్షేత్రం పుడుతుంది. రెండో చుట్ట దాన్ని పసిగడితే యంత్రం కూత పెడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఇంట్లోనే చూడవచ్చు. ఏసీ బిగించగా మిగిలిన రాగి గొట్టం ముక్క తీసుకుని, నిలువుగా పట్టుకుని, అందులో పట్టే బలమైన అయస్కాంతాన్ని జారవిడువు. రాగి అయస్కాంతానికి అంటుకోదు. అయినా అయస్కాంతం గొట్టంలో మెల్లమెల్లగా దిగుతుంది. దాన్ని పట్టి ఆపుతున్నవి ఆ సుడులే.

గంట మోత విని అది కంచుదో ఇనుపదో చెప్పినట్టే, ఆ సుడులు ఎంత బలంగా లేచి ఎంతసేపు నిలిచాయో చూసి యంత్రం లోహాన్ని అంచనా వేస్తుంది. వెండిలో, రాగిలో అవి ఎక్కువసేపు నిలుస్తాయి. సీసం విద్యుత్తును రాగిలో దాదాపు 13వ వంతే పంపుతుంది కాబట్టి అందులో తొందరగా అణిగిపోతాయి. కానీ లోహం ఒక్కటే కాదు, వస్తువు సైజు, మందం కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే సన్నటి బంగారు ఉంగరం, నలిగిన అల్యూమినియం రేకు ఒకే తీరుగా పలకవచ్చు. “రేకు ముక్కల కూత రానీయదు” అని అమ్మేవాడు గొప్పగా చెప్పే మీట నొక్కితే, ఉంగరం కూత కూడా ఆగిపోవచ్చు. కాబట్టి తెర మీద కనిపించే అంకె అంచనాయే తప్ప తీర్పు కాదు.

ఇనుము పెట్టే చిక్కు పాతదే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రహం బెల్ ఇట్లాంటి పరికరమే తయారుచేశాడు. తూటా దొరకలేదు. పరుపులోని స్టీలు స్ప్రింగులు పరికరాన్ని తికమక పెట్టాయంటారు. మన చేలల్లో ఎద్దుల నాడాలు, మేకులు, విరిగిన నాగలి కర్రులు, హార్వెస్టర్ ముక్కలు సరిగ్గా ఆ పనే చేస్తాయి.

ఇక నేల సంగతి. సూర్యాపేట చుట్టుపక్కల ఎర్ర చెలకలు ఎక్కువ. రాతి నుంచి పుట్టిన ఆ మట్టిలో ఇనుప ఖనిజాలు ఉంటాయి. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి మట్టిలో ఈడ్చు. నల్లటి రవ్వ మీసాల్లా అంటుకుంటే నీ నేలే యంత్రంతో మాట్లాడుతుందన్నమాట. అట్లాంటి చోట నేల కూతను తగ్గించుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ సౌకర్యం తప్పనిసరి. రెండు చుట్టలు మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చే డీడీ కాయిల్ అక్కడ మేలు. కోదాడ దాటి మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి నేలలు వస్తాయి. సున్నపురాయికి అయస్కాంత గుణం దాదాపు ఉండదు కాబట్టి అక్కడ యంత్రం కాస్త నిమ్మళంగా ఉంటుంది. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటి కింద పండే ఊరు. తడి మడిలో, అందులోనూ చౌడు పట్టిన చోట, ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును పంపుతుంది, లేని లోహాన్ని ఉన్నట్టు చూపుతుంది. వరి కోసిన తరువాత, మడి ఆరాక వెతకడం మంచిది. ఒకేసారి రెండు మూడు ఫ్రీక్వెన్సీలతో పనిచేసే రకం ఉంటే ఇట్లాంటి నేలలో ఇంకా నయం.

లోతు గురించి మోసపోవద్దు. లోహం రెట్టింపు దూరంలో ఉంటే దాని నుంచి తిరిగొచ్చే సంకేతం దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. ఒంటి నాణెం జానెడు లోతులో దొరికితే మంచి యంత్రమే అనుకో. పది మీటర్ల లోతున బంగారం చూపిస్తామని, దూరం నుంచే నిధి దిక్కు చూపే కడ్డీలున్నాయని చెప్పేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. కొనే ముందు నీ చేనులోనే పరీక్షించు. ఐదు రూపాయల ఇత్తడి రంగు బిళ్ల, పాత మేకు, వెండి మట్టె పక్కపక్కన పాతిపెట్టి చూడు. రూపాయి బిళ్లతో మాత్రం వద్దు. ఇప్పటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలుది, అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి ఇనుములాగే పలకవచ్చు.

రెండో ప్రశ్న మొదటిదానికంటే పెద్దది. నువ్వు వెతికేది ఏంది? పోగొట్టుకున్నదా, పాతిపెట్టిందా? ఇక్కడే ఫణిగిరి కథ వినాలి. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఆ బౌద్ధ క్షేత్రంలో 2024 మార్చిలో రాష్ట్ర వారసత్వ శాఖవాళ్లు తవ్వుతుంటే, రెండడుగుల లోతులో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, అంటే మొత్తం ఎనిమిదిన్నర కిలోల చిల్లర. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఆ కుండ ఏ మట్టిపొరలో ఉందో, నాణేల తీరు ఏమిటో చూసి, అవి క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటి ఇక్ష్వాకులవని పండితులు చెప్పగలిగారు. అదే కుండను ఎవరో రాత్రిపూట యంత్రంతో పసిగట్టి గడ్డపారతో పెకలించి ఉంటే? పాతసామాను కొట్లో కిలోల లెక్కన సీసం మిగిలేది. పొర చెదిరితే కాలం చెప్పే సాక్ష్యం పోతుంది. దాన్ని ఏ యంత్రమూ తిరిగి కూర్చలేదు. ఫణిగిరి శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం చూశారంటే, అవి పద్ధతిగా బయటికి రావడం వల్లే.

చట్టం కూడా గట్టిదే. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన విలువైన దాచిన వస్తువు దొరికితే వెంటనే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. నిజాయితీగా చెప్పినవాడికి, అసలు హక్కుదారు ఎవరూ లేరని తేలి, భూమి యజమానితో వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మూడు వంతులు చెందుతాయి, నాలుగో వంతు భూమి యజమానిది. ప్రభుత్వం దాన్ని తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. కోదాడవాళ్లు సూర్యాపేట కలెక్టర్‌కు, మిర్యాలగూడవాళ్లు నల్లగొండ కలెక్టర్‌కు చెప్పాలి. ఇక పిల్లలమర్రి, వాడపల్లి లాంటి పాత గుళ్ల దగ్గర, రక్షిత స్థలాల్లో యంత్రం పట్టుకుని తిరగనే వద్దు. గుప్తనిధుల ఆశతో నందులను పెకలించిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అది సరదా కాదు, ఊరి ఆస్తికి చేసే ద్రోహం.

మరి ఈ యంత్రం దేనికి? నాట్లలో జారిపోయిన చెవిదిద్దు వెతకడానికి. రోటావేటర్ పళ్లు విరగ్గొట్టే ఇనుప ముక్కలను ఏరడానికి. బావి గట్టున పడిన తాళంచెవి కోసం. యజమాని అడిగి పిలిచిన చేలోనే వెతుకు, తీసిన గుంత పూడ్చు. పాత నాణెం కనిపిస్తే తవ్వడం ఆపి, ఫోటో తీసి, ఆ చోటు గుర్తు పెట్టి అధికారులకు చెప్పు. నీ నేలకు తగిన గ్రౌండ్ బ్యాలెన్స్ ఉన్న మామూలు యంత్రం ఈ పనులన్నింటికీ సరిపోతుంది. దాంతో పక్కింటి అక్క కమ్మ వెతికి ఇచ్చిన రోజు, ఊరంతా నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది.