తెల్లని అనిమోన్ అందం కాదు.. అనారోగ్యం

విశాఖపట్నం: ఉప్పునీటి అక్వేరియంలో సీ అనిమోన్‌ను పెంచాలనుకునే వారు దాని రంగును చూసి మోసపోకూడదు. దుకాణంలో పాలవలె తెల్లగానో, నిమ్మపండు పసుపులోనో మెరిసే అనిమోన్ చాలాసార్లు ఆరోగ్యం దెబ్బతిన్నదై ఉంటుంది. పువ్వులా కనిపించినా ఇది జంతువే. పగడాలకు, జెల్లీచేపలకు దగ్గరి బంధువు. ‘ఫైండింగ్ నెమో’ (2003) చిత్రంతో పిల్లలకు పరిచయమైన క్లౌన్ చేప ఆశ్రయం పొందేది దీని స్పర్శకాల మధ్యనే.

రంగు ఎక్కడిది?

క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చే అనిమోన్ల శరీరంలో కంటికి కనిపించనంత చిన్న శైవలాలు నివసిస్తాయి. వెలుతురులో అవి తయారుచేసే ఆహారంలో అధిక భాగం అనిమోన్‌కే చేరుతుంది. గోధుమ వర్ణం ఈ శైవలాలది. ఆకుపచ్చ, గులాబీ ఛాయలు జంతువు సొంత వర్ణకాలవి. నీరు వేడెక్కినా, వెలుతురు చాలకపోయినా, రవాణాలో నలిగినా శైవలాలు బయటికి పోయి అనిమోన్ తెల్లబడుతుంది. దాని ప్రధాన ఆహార మార్గం మూసుకుపోయినట్లే. ఇలా తెల్లబడిన వాటికి రంగు ఎక్కించి అమ్మే వ్యాపారులూ ఉన్నారు. గోధుమ వర్ణంలో ఉండి, నోరు బిగువుగా మూసుకుని, పాదంతో రాతిని గట్టిగా పట్టుకున్నదే కొనదగినది. కొనేవారు పెదవి విరిచేది కూడా దానిని చూసే!

నీరే ప్రాణం

కొత్త తొట్టిలో అనిమోన్‌ను వేయరాదు. కనీసం ఆరు నెలలు నడిచి నీరు కుదుటపడాలి. ఉష్ణోగ్రత 24-27 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష సాంద్రత 1.025 ప్రాంతంలో నిలకడగా ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ అసలు ఉండరాదు. కోస్తా వేసవిలో గది వేడికే నీరు 30 డిగ్రీలు దాటుతుంది కనుక చిల్లర్ ఖర్చును ముందే లెక్క వేసుకోవాలి. ఆవిరైన నీటి స్థానంలో ఆర్వో మంచినీరే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు గనుక మళ్లీ ఉప్పునీరు పోస్తే గాఢత పెరిగిపోతుంది. చేపల జబ్బులకు వాడే రాగి మందు అనిమోన్‌కు విషం. జబ్బు చేపకు వేరే తొట్టిలోనే చికిత్స చేయాలి.

వెలుతురు, నీటి ప్రవాహం నచ్చకపోతే అనిమోన్ పాదంతో జరుగుతూ వేరే చోటికి పోతుంది. ఆ ప్రయాణంలో పంపులో చిక్కి నుజ్జవుతుంది. చచ్చి కుళ్లితే రాత్రికి రాత్రే తొట్టిలోని చేపలన్నీ చనిపోవచ్చు. పంపు నోటికి జాలీ బిగించడం తప్పనిసరి.

మేత మితంగా

వారానికి ఒకటి రెండుసార్లు చిన్న రొయ్య ముక్క చాలు. పెద్దది పెడితే కక్కేస్తుంది. తెల్లబడిన దానికి మరింత చిన్న ముక్కలు వేస్తూ, వెలుతురును క్రమంగా పెంచితే కొన్ని నెలల్లో కోలుకోవచ్చు. స్కాట్లాండ్‌లో 1828లో సేకరించిన ఒక అనిమోన్ గాజు పాత్రలో 1887 వరకు జీవించింది. అది శీతల సముద్రపు జాతి. అయినా ఈ జీవుల ఆయుష్షు ఎంతటిదో దానిని బట్టి తెలుస్తుంది.

విశాఖ తీరంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల గుంటల్లోనూ అనిమోన్లు కనిపిస్తాయి. వాటిని పెకలించి ఇంటికి తెస్తే పాదం చినిగి చనిపోయే ప్రమాదం ఉంది. తొట్టి అలంకరణకు పగడాలు ఏరుకోవడం నేరం కూడా. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.