సొంత చెట్టుకూ అనుమతి కావాల్సిందే!

సొంత భూమి, సొంత చెట్టు... కొడితే అడిగేదెవరు అనుకుంటాం మనం. సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తూ శాంతాక్రజ్ కొండల్లో నాలుగెకరాలు కొందామనుకునే మనవాళ్లు కాస్త ఆగాలి. 1973 నాటి కాలిఫోర్నియా అటవీ చట్టం ప్రకారం ప్రైవేటు భూమిలో కలప అమ్ముకోవాలన్నా సాధారణంగా లైసెన్సున్న ఫారెస్టర్‌తో ప్లాను రాయించి, రాష్ట్ర అటవీ శాఖ కాల్‌ఫైర్ ఆమోదం పొందాలి. చెట్లు ఎలా కొట్టాలో చెప్పేది రాష్ట్రం. ఎక్కడ కొట్టకూడదో జోనింగ్ ద్వారా కౌంటీ చెప్పొచ్చని బిగ్ క్రీక్ లంబర్, శాంతాక్రజ్ కౌంటీ కేసులో 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

మన దగ్గరా 2002 నాటి వాల్టా చట్టం ఉందిగా! కొన్ని రకాలు మినహాయిస్తే, పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి అడగాల్సిందే. కష్టార్జితం పోసి కొనేముందు ధరతోపాటు జోనింగ్ సంగతీ కౌంటీ ప్లానింగ్ ఆఫీసులో కనుక్కుందాం.