అరచేతిలో కెమెరా.. అడిగి తీద్దాం

నిన్నమొన్నటి దాకా సినిమా తీయడమంటే లక్షల రూపాయల వ్యవహారం. పెళ్లికి వీడియో తీయించడమే మన ఇళ్లలో పెద్ద ఖర్చు. నేడు ఇంటర్ చదివే పిల్లవాడి జేబులోనూ కెమెరా ఉంది. తిరుపతి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వారిని కసురుకునే ముందు ఆ పనిలో ఏముందో పెద్దలం కాస్త ఆలోచించాలి.

1895లో లూమియేర్ సోదరులు ప్యారిస్‌లో ప్రదర్శించిన తొలి చిత్రాలు ఒక్కొక్కటీ నిమిషంలోపే. కార్మికులు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి రావడమే అందులో ఒక చిత్రం. కథ లేదు, పాటా లేదు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కట్టిన తోతాపురి ట్రాక్టర్లను తీసినా అలాంటి చిత్రమే అవుతుంది.

మా శిష్యుడొకడు గాంధీ రోడ్డులో జామకాయల బండి పెద్దాయనను దూరం నుంచి తీసి తెచ్చాడు. బాగుందని అనబోయాం. చివర్లో ఆయన ఫోన్‌ను గమనించి తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆయన్ను అడిగినావా నాయనా?" అన్నాం. పిల్లవాడు తల వంచుకున్నాడు.

మర్నాడు వెళ్లి అడిగాడు. ముఖం వద్దు, చేతులు తీసుకోమన్నాడాయన. కాయ కోసి, ఉప్పూ కారం అద్ది, కాగితంలో పెట్టి అందించే ఆ చేతులు.. వెనుక ఆటోల హారన్లు. నలభై సెకన్లే. మొదటిదానికన్నా ఇదే మమ్మల్ని కదిలించింది.

హద్దులుంటే కళ చచ్చిపోదు. ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీని 2010లో ఇరవై ఏళ్లు సినిమాలు తీయరాదని కోర్టు శాసించింది. ఆయన తన ఇంట్లోనే, కొంత భాగం సెల్‌ఫోన్‌తో, 'ఇది సినిమా కాదు' అనే చిత్రం తీశారు. 2011లో అది కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. దాని చివర్లో కనిపించేది ఇంటింటి చెత్త తీసుకెళ్లే ఒక యువకుడు!

పిల్లలూ, ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. చేయి వణకకుండా గోడకు ఆనుకోండి. ఒకే చోట నిలబడి, నిమిషంలోపు ఒకే దృశ్యం తీయండి. అన్నిటికన్నా ముందు అడగండి. మన ఆడబిడ్డలను చెప్పకుండా తీస్తే మనం ఊరుకుంటామా? బండి తోసుకునే పేదవానికీ అదే మర్యాద దక్కాలి.

ఎదుటివారి ముఖం మన ఫోన్‌లో ఉన్నంతకాలం అది వారి అమానతు. వద్దన్నప్పుడు తుడిచేయగలిగిన వాడి చేతిలోనే కెమెరాకు విలువ.